ఒంటి కాలు వాచిందా? నూనె గిన్నె పక్కన పెట్టండి!

2019 మే నెల. మా కోయిలకుంట్ల ఎండల సంగతి సీమ వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. నల్లరేగడి చేలు నెర్రెలు విచ్చి ఉంటాయి. వాకిట్లో నాపరాయి మీద పాదం మోపితే చుర్రుమంటుంది. అలాంటి ఎండల్లో మా చిన్న ఆడబిడ్డ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పుట్టిల్లంటే మా ఇల్లే. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తల్లీ బిడ్డా క్షేమంగా ఇల్లు చేరారు.

బాలింత పత్యం విషయంలో మా అత్తయ్య మాట అంటే మాటే. చెవుల్లో దూది, నెత్తికి గుడ్డ, ఆ మండు వేసవిలోనే మంచం కింద కుంపటి. నీళ్లు మాత్రం పొద్దునొక గ్లాసు, సాయంత్రమొక గ్లాసు, అదీ కాచి చల్లార్చి. "పచ్చి బాలింత నీళ్లు తాగితే పొట్ట జారుతుంది" అనేది. పాప గుక్కపట్టి ఏడ్చినా తల్లి మంచం దిగడానికి లేదు. పాపను మేమే ఎత్తి ఇవ్వాలి.

పన్నెండో రోజు పొద్దున కాఫీ ఇవ్వబోతే ఆడబిడ్డ మెల్లగా అంది. "వదినా, ఎడమ కాలు బరువైతాంది. లోపలెవరో పట్టి పిండినట్టుంది."

దుప్పటి తీసి చూశాను. తొడ నుంచి చీలమండ దాకా ఎడమ కాలు బిగుసుకుపోయి నున్నగా మెరుస్తోంది. కుడి కాలు మామూలుగానే ఉంది. అత్తయ్య వచ్చి ఒకసారి నొక్కి చూసి, "బాలింత వాతం. ఏం కాదులే. రోంత ఆముదం కాచి తీసుకురా" అంది.

ఆముదం కాచింది నేనే. ఆ సంగతి దాచుకోదలచుకోలేదు. డిగ్రీ చదివాను, కథలు రాస్తాను, నలుగురూ నన్ను తెలిసినదాన్నంటారు. అయినా ఆ రోజు నాకు ఒక్క అనుమానమూ రాలేదు. పక్క వీధి అవ్వ వచ్చి సాయంత్రం అరగంట, మర్నాడు పొద్దున అరగంట, కింద నుంచి పైకి బాగా పట్టి రుద్దింది. నలభై ఏళ్లుగా ఎందరో బాలింతలకు ఒళ్లు పట్టిన చెయ్యి అది. అప్పటికీ తగ్గకపోతే, ఇంటికి వచ్చి సూదులేసే ఆయన్ని పిలిపించి నొప్పి ఇంజెక్షన్ వేయించాం.

మూడో రోజు బాత్‌రూమ్ దాకా నడిచేసరికి పిల్లకు ఆయాసం వచ్చింది. గోడ పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడు భయం వేసింది. మా వారు కారు మాట్లాడుకొచ్చారు. ఊళ్లోనే ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం.

ఆమె కాలు చూడగానే "టేపు ఉందా?" అన్నారు. నా చేతి సంచిలో కుట్టుమిషన్ టేపు ఉంది. మోకాటి కింద జానెడు దూరంలో రెండు పిక్కలూ కొలిచారు. కుడి పిక్క 31 సెంటీమీటర్లు, ఎడమ పిక్క 36.

"ఎవరైనా రుద్దారా?"

"రెండుసార్లు" అన్నాను.

"ఇక ఎవ్వరూ చెయ్యి వేయకండి. ఇప్పుడే నంద్యాల బయల్దేరండి. రేప్పొద్దున కాదు, ఇప్పుడే" అంటూ చీటీ రాసి చేతిలో పెట్టారు.

నంద్యాలలో డాప్లర్ స్కాన్ తీశారు. గజ్జ దగ్గర నుంచి మోకాటి దాకా రక్తం గడ్డకట్టి ఉంది. ఆయాసం వస్తోందని చెప్పగానే ఛాతీకీ స్కాన్ తీశారు. ఒక చిన్న ముక్క అప్పటికే ఊపిరితిత్తుల్లోకి చేరి ఉంది.

మా వల్లే చేరిందా అని డాక్టరుగారిని అడిగాను. "రుద్దకపోయినా చేరవచ్చమ్మా. రుద్దితే కదిలే ప్రమాదం ఎక్కువ. వచ్చారు కదా, సంతోషించండి" అన్నారు. ఆ మాటను ఓదార్పు అనుకోవాలో మందలింపు అనుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంకో ఇంట్లో ఆముదం పొయ్యి మీదికి ఎక్కకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మూడు మాటలు చేసిన మోసం

తర్వాత నింపాదిగా ఆలోచిస్తే ఒకటి అర్థమైంది. మేము పొరపాటు పడటానికి తెలియనితనం ఒక కారణమైతే, రోజూ వాడుకునే మాటలు ఇంకో కారణం.

మొదటిది "నరం". రక్తాన్ని గుండె నుంచి ఒంటికి తీసుకుపోయే గొట్టం ధమని. తిరిగి గుండెకు తెచ్చేది సిర. మెదడు నుంచి కబుర్లు మోసే తీగ నరం. పుస్తకాల్లో మూడు పేర్లున్నా మన నోట్లో అన్నీ నరాలే. "చేతి మీద నరం తేలింది" అంటాం, అది నిజానికి సిర. మా ఆడబిడ్డ సంగతి తెలియగానే బంధువు ఒకాయన ఫోన్ చేసి, "కర్నూల్లో మంచి నరాల డాక్టరు ఉన్నాడు, అక్కడికి తీసుకుపోదాం" అన్నారు. పాపం, సాయం చేద్దామనే. కానీ నరాల డాక్టరు చూసేది పక్షవాతం, మూర్ఛ, తిమ్మిర్లు. కాలి సిరలో రక్తం గడ్డకడితే చూడవలసింది రక్తనాళాల డాక్టరు, అంటే వాస్క్యులర్ సర్జన్. ఆయన అందుబాటులో లేకపోతే జనరల్ ఫిజీషియన్.

రెండోది "గడ్డ". గడ్డ అంటే మనకు సెగగడ్డ గుర్తొస్తుంది. కట్టు కడితే పగులుతుంది, కోస్తే పోతుంది అనుకుంటాం. ఇది పైకి కనబడే గడ్డ కాదు. పాలు తోడుకున్నట్టు సిర లోపల రక్తం తోడుకోవడం. పైన ఎన్ని ఆకులు కట్టినా, ఎంత కాపడం పెట్టినా లోపలిది కరగదు.

మూడోది "రక్తం పలచబడే మాత్ర". మిగతా రెండింటికంటే ఇదే మమ్మల్ని ఎక్కువగా దెబ్బతీసింది. ఆ కథ కాస్త తర్వాత చెబుతాను.

అసలు ఎందుకు గడ్డకడుతుంది?

రుడాల్ఫ్ విర్కో అనే జర్మన్ వైద్యుడు 1856లోనే దీనికి మూడు కారణాలు చెప్పాడు. రక్తం కదలక నిలవ ఉండటం ఒకటి. రక్తనాళం గోడకు దెబ్బ తగలడం రెండు. రక్తానికే తోడుకునే గుణం పెరగడం మూడు. ఇప్పటికీ డాక్టర్లు ఈ మూడింటినే పాఠంగా చదువుకుంటారు. ఆయన పుట్టినరోజు అక్టోబర్ 13. 2014 నుంచి ఆ రోజును ప్రపంచ థ్రాంబోసిస్ దినంగా జరుపుతున్నారు. థ్రాంబోసిస్ అంటే ఈ గడ్డకట్టడమే.

కాలి నుంచి రక్తం పైకి ఎక్కాలంటే ఒక తోపు కావాలి. మనం నడిచినప్పుడల్లా పిక్క కండరం బిగిసి, సిరను పిండి, రక్తాన్ని పైకి నెడుతుంది. అందుకే పిక్కను రెండో గుండె అంటారు. మంచం మీద కదలకుండా పడుకోబెడితే ఆ రెండో గుండె పని మానేసినట్టే.

ఇప్పుడు బాలింతను చూడండి. కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా ప్రకృతే గర్భిణి రక్తానికి తోడుకునే గుణం పెంచుతుంది. బిడ్డ బరువుతో పొత్తికడుపులోని సిరలు నెలల తరబడి నలుగుతాయి. అందులోనూ ఎడమ కాలి నుంచి వచ్చే పెద్ద సిర మీదుగా ఒక ధమని అడ్డంగా పోతుంది. గర్భిణులకూ బాలింతలకూ ఎక్కువగా ఎడమ కాలే వాచడానికి ఇదొక కారణం. పైన ఆపరేషన్ కోత ఉండనే ఉంది. విర్కో చెప్పిన మూడూ ఒక్క మనిషిలో చేరాయి. వాటికి తోడు మనం నీళ్లు మాన్పించి, ఒళ్లు చెమటలు కక్కేలా కుంపటి పెట్టి, మంచం దిగనీయకుండా కూర్చోబెడతాం!

మామూలు రోజులతో పోలిస్తే గర్భిణికి ఈ ప్రమాదం నాలుగైదు రెట్లు ఎక్కువ. కాన్పయిన తొలి 6 వారాల్లో అంతకంటే ఎక్కువ. సిజేరియన్ అయితే ఇంకా ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో మన ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్ కాన్పులే. అంటే ఈ జాగ్రత్త ఎవరో ఒకరిద్దరికి చెప్పి ఊరుకోవలసింది కాదు. ప్రతి వీధిలోనూ తెలియవలసింది.

అత్తయ్యను ఒక్కదాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు. పూర్వం యూరప్‌లో పెద్ద పెద్ద వైద్యులే బాలింత కాలు తెల్లగా వాచిపోతే, రొమ్ములోకి రావలసిన పాలు దారి తప్పి కాల్లోకి దిగాయని నమ్మేవారు. దానికి "పాల కాలు" అనే పేరే పెట్టారు. మన బాలింత వాతం, వాళ్ల పాల కాలు రెండూ ఒకటే. కన్ను చూసింది నిజమే, చెప్పుకున్న కారణమే తప్పు.

ఎలా గుర్తుపట్టాలి?

గర్భిణులకు రెండు పాదాలూ కొద్దిగా వాయడం మామూలే. రక్తం తక్కువైనా, మూత్రపిండాల జబ్బున్నా వాపు సాధారణంగా రెండు కాళ్లకూ వస్తుంది. రెండూ వాచినా డాక్టరుకు చూపించాల్సిందే. కానీ ఒక్క కాలే, ఒకటి రెండు రోజుల్లో వాచిందంటే అది తొందర పడవలసిన వాపు. బోదకాలు ఇంత త్వరగా రాదు, అది నెలలు, ఏళ్లు తీసుకుంటుంది.

పిక్కలోనో తొడలోనో పట్టేసినట్టు నొప్పి, ముట్టుకుంటే వెచ్చదనం, చర్మం బిగిసి రంగు మారడం, నిలబడితే బరువు పెరగడం, ఇవి గుర్తులు. ఇంట్లో టేపు ఉంటే రెండు పిక్కలూ ఒకే ఎత్తులో కొలవండి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే డాక్టర్లు గట్టిగా అనుమానిస్తారు. అలాగని తేడా అంత లేదు కదా అని ఇంట్లో ఉండిపోవద్దు. కొన్నిసార్లు వాపు తక్కువగా ఉండి నొప్పే ఎక్కువగా ఉంటుంది.

ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గులో నెత్తురు, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా గడ్డ ఊపిరితిత్తులకు చేరిందేమోనని అనుమానించాలి. అప్పుడు బస్సూ వద్దు, ఆటో కోసం ఎదురుచూపూ వద్దు. 108కి ఫోన్ చేయండి.

వైద్యం ఏమిటి?

పరీక్ష తేలికే. డాప్లర్ స్కాన్‌లో సూది ఉండదు, నొప్పి ఉండదు. కడుపుతో ఉన్నప్పుడు చేసే స్కానింగ్ లాంటిదే, కాలి మీద జెల్ రాసి చూస్తారు. గడ్డ ఎక్కడ ఉందో, ఎంత దూరం ఉందో తెలిసిపోతుంది.

గడ్డ ఉందని తేలగానే హెపారిన్ జాతి ఇంజెక్షన్ మొదలుపెడతారు. మా ఆడబిడ్డకు పొట్ట చర్మం కింద, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేశారు. మోతాదు మనిషి బరువును బట్టి ఉంటుంది. ఆ ఇంజెక్షన్లు నడుస్తుండగానే వార్ఫారిన్ అనే మాత్ర కూడా మొదలుపెట్టారు. ఆ మాత్ర పట్టు దొరకడానికి కనీసం 5 రోజులు పడుతుంది. అంతవరకు రెండూ కలిపి వాడాలి. మాత్ర సరిగా పనిచేస్తోందా లేదా అని ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్షతో చూస్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది 1 దగ్గర ఉంటుంది. ఈ మాత్ర వాడేవాళ్లకు 2కూ 3కూ మధ్య ఉంచుతారు. 2 లోపు ఉంటే మందు చాలలేదని, 3 దాటి పెరిగితే రక్తస్రావం భయం ఉందని అర్థం.

ఇప్పుడు కొత్త మాత్రలూ వచ్చాయి. రివరాక్సబాన్, అపిక్సబాన్ లాంటివి. వాటికి ఈ ఐ.ఎన్.ఆర్. పరీక్ష అక్కర్లేదు. కానీ పాలిచ్చే తల్లులకు, గర్భిణులకు వాటిని ఇవ్వరు. వార్ఫారిన్, హెపారిన్ వాడుతూ మాత్రం బిడ్డకు నిక్షేపంగా పాలివ్వచ్చు. మా ఆడబిడ్డ ఆస్పత్రిలో కళ్లనీళ్లు పెట్టుకుని అడిగిన మొదటి ప్రశ్న ఇదే. "పాపకు పాలు మాన్పించాలా?" డాక్టరుగారు "అక్కర్లేదమ్మా" అనగానే ఆ మొహంలో వెలుగు చూడాలి!

ఇక్కడ ఒక చిన్న సంగతి. వార్ఫారిన్‌ను ఎలుకల మందుగా కూడా వాడారని ఎవరో చెప్పగానే మా ఇంట్లో గగ్గోలు పుట్టింది. నిజమే. 1920ల్లో ఉత్తర అమెరికాలో బూజు పట్టిన ఒక రకం ఎండుగడ్డి తిని పశువులు నెత్తురు ఆగక చచ్చిపోయేవి. 1933లో విస్కాన్సిన్‌కు చెందిన ఒక రైతు చచ్చిన ఆవునూ, పాలక్యాను నిండా గడ్డకట్టని నెత్తురునూ మంచులో బండి మీద వేసుకుని విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అక్కడ కార్ల్ లింక్ బృందం ఏళ్ల తరబడి శ్రమించి ఆ గడ్డిలోని పదార్థాన్ని పట్టుకుంది. దాని నుంచి వచ్చిందే వార్ఫారిన్. 1948లో ఎలుకల మందుగా, 1954 నుంచి మనుషులకు మందుగా వాడుకలోకి వచ్చింది. కొట్టంలో బూజు పట్టిన చొప్పను పశువులకు వేయకూడదని తెలిసిన మనకు ఈ కథ అర్థం కాకుండా ఉంటుందా? కొలత తప్పితే విషం, కొలత ప్రకారం వాడితే ప్రాణం. అందుకే ఆ రక్తపరీక్షలు.

మేము చేసిన రెండో తప్పు

మాత్ర కనీసం 3 నెలలు వాడాలని డాక్టరుగారు కాగితం మీద రాసిచ్చారు. ఆరో వారంలో ఆడబిడ్డ అత్తవారింటికి వెళ్లింది. కాలు వాపు చాలావరకు తగ్గిపోయింది. అక్కడి పెద్దలు మందుల చీటీ చూసి, "రక్తం పలచబడే మాత్రా? బాలింతకు ముందే రక్తం తక్కువ, ఇంకా పలచబరిస్తే ఏం మిగులుతుంది? పాలెట్లా పడతాయి?" అన్నారట. అందులో వాళ్ల దుర్మార్గం ఏమీ లేదు. ఆస్పత్రిలో మనకు ఎప్పుడూ చెప్పేది "మీకు రక్తం తక్కువగా ఉంది" అనే కదా! ఆ పిల్ల మాత్ర మానేసింది. పరీక్షకూ వెళ్లలేదు. మాకు చెప్పలేదు.

మూడు వారాలు గడవకముందే కాలు మళ్లీ వాచింది.

ఈ మాత్ర రక్తాన్ని నీళ్లలా చేయదు. రక్తం పరిమాణాన్ని గానీ బలాన్ని గానీ తగ్గించదు. తోడుకునే వేగాన్ని మాత్రమే తగ్గిస్తుంది. ఉన్న గడ్డను అది కరిగించదు కూడా. అది ఇంకా పెరగకుండా కాపు కాస్తుంది, ఈలోగా మన ఒళ్లే నిదానంగా దాన్ని కరిగించుకుంటుంది. వాపు తగ్గినంత మాత్రాన లోపలి పని అయిపోయినట్టు కాదు. "రక్తం గడ్డకట్టకుండా కాపాడే మాత్ర" అని మొదటి రోజే చెప్పి ఉంటే ఆ ఇంట్లో ఎవరూ మాన్పించి ఉండేవారు కాదని నా నమ్మకం. మీ ఇంట్లో ఎవరికైనా ఈ మాత్ర ఇస్తే దయచేసి ఈ పేరుతోనే పిలవండి.

మాత్ర వాడుతున్నప్పుడు

ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది. అది వార్ఫారిన్‌కు ఎదురు పనిచేస్తుంది. అలాగని ఆకుకూర మానేయనక్కర్లేదు. వారంలో ఎంత తినే అలవాటుంటే అంతే తినండి. నెలంతా ముట్టకుండా ఉండి, ఒక వారం రోజూ తోటకూర, పాలకూర, మునగాకు అంటే మాత్రం లెక్క తప్పుతుంది.

తలనొప్పికీ నడుంనొప్పికీ మెడికల్ షాపులో అడిగి మాత్రలు కొనుక్కోవద్దు. డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి. కొన్ని యాంటీబయోటిక్స్ కూడా మాత్ర పట్టును మారుస్తాయి. పిరుదుకో చేతి కండకో సూది వేయించుకుంటే లోపల నెత్తురు పేరుకుంటుంది. పన్ను పీకించుకోవాలన్నా ముందు ఈ మాత్ర సంగతి చెప్పండి. ఒక పూట మర్చిపోతే అదే రోజు గుర్తు రాగానే వేసుకోండి, మర్నాడు రెండు కలిపి వేసుకోవద్దు.

చిగుళ్ల నుంచి నెత్తురు, నల్లటి విరేచనం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు కనబడితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆడవాళ్లకు ఇంకొకటి. బహిష్టు రక్తం ఎక్కువగా పోవచ్చు. సిగ్గుపడి ఊరుకోవద్దు, భయపడి మాత్రా మానేయవద్దు. డాక్టరుతో చెబితే రక్తం శాతం చూసి తగిన మందు ఇస్తారు.

స్పెషలిస్టు ఎప్పుడు కావాలి?

రెండోసారి వాచినప్పుడు మేము హైదరాబాదులో రక్తనాళాల నిపుణుడి దగ్గరికి వెళ్లాం. ఆయన తొలి మాటలోనే చెప్పింది ఏమిటంటే, నిపుణుడు దొరికేదాకా వైద్యం ఆపకూడదు. మొదటి ఇంజెక్షన్ పడటమే ముఖ్యం. అది మొదలుపెట్టడానికి ఒక మామూలు ఫిజీషియన్ చాలు. ఫలానా పెద్ద డాక్టరు కోసం రెండు రోజులు ఫోన్లు చేస్తూ ఇంట్లో కూర్చోవడమే అసలు ప్రమాదం.

మా వైపు వాళ్లకు స్కాన్, ఇంజెక్షన్ నంద్యాలలోనే జరిగిపోతాయి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయింది, 2023లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. కర్నూలు మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాస్పత్రికి సీమ జిల్లాల వాళ్లే కాదు, పక్క తెలంగాణ, కర్ణాటక జిల్లాల వాళ్లూ వస్తారు. ఇంకా పై వైద్యం కావాలంటే హైదరాబాదు నిమ్స్‌లో, వేలూరు సి.ఎం.సి.లో రక్తనాళాలకు ప్రత్యేక విభాగాలున్నాయి.

నిపుణుడి అవసరం ఎప్పుడంటే, గడ్డ గజ్జ దాటి కడుపులోకి పాకినప్పుడు, కాలు నీలంగా మారి చల్లబడుతున్నప్పుడు, మందు వాడుతున్నా మళ్లీ వచ్చినప్పుడు, రక్తస్రావం వల్ల మందే వాడలేనప్పుడు. కొందరికి సన్నని గొట్టం పంపి గడ్డ దగ్గరే కరిగించే మందు వదులుతారు. అందరికీ అది పనికిరాదు. ఆపరేషన్ అయిన కొత్తలో రక్తస్రావం భయం ఎక్కువ. సిర నొక్కుకుపోయి ఉంటే స్టెంట్ వేస్తారు. మందు ఇవ్వడానికి వీల్లేని వాళ్లకు గడ్డలు పైకి పోకుండా పెద్ద సిరలో జల్లెడ లాంటిది అమరుస్తారు. మా పిల్లకు ఇవేవీ అవసరం పడలేదు. 6 నెలలు తప్పకుండా మాత్ర వాడమన్నారు. ఈసారి పరీక్షల కాగితాలన్నీ నేనే ఒక ఫైల్లో పెట్టాను. మాత్ర వేసుకుందా అని రోజూ రాత్రి 8 గంటలకు ఫోన్ చేసేదాన్ని.

ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం కార్డు ఉన్నవాళ్లు, ఆస్పత్రిలో చేరేటప్పుడే అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. ఏది వర్తిస్తుందో ఆమె చెబుతుంది.

బాలింతలకే కాదు

తుంటి, మోకాలి ఆపరేషన్లు అయినవాళ్లకు, క్యాన్సర్ ఉన్నవాళ్లకు, రోజుల తరబడి మంచం పట్టినవాళ్లకు ఈ భయం ఉంటుంది. కూతురి పురుడు పోయడానికి అమెరికా వెళ్లే అమ్మలు కూడా గుర్తుపెట్టుకోండి. 4 గంటలు దాటిన ప్రయాణం ఏదైనా జాగ్రత్త పడవలసినదే. గంటకోసారి లేచి నడవాలి, కూర్చున్నచోటే పాదాలు ఆడించాలి, నీళ్లు తాగాలి.

మాలా-డి, మాలా-ఎన్ లాంటి గర్భనిరోధక మాత్రల్లో ఈస్ట్రోజన్ ఉంటుంది. ఒకసారి కాలిలో రక్తం గడ్డకట్టినవాళ్లు వాటిని వాడకూడదు. కాపర్-టి లాంటి మార్గాలున్నాయి. పెళ్లికో, వ్రతానికో, తిరుపతి ప్రయాణానికో బహిష్టు వాయిదా పడాలని వేసుకునే మాత్రలూ ఉన్నాయి కదా, వాటిలో సాధారణంగా ఉండేది నోరెథిస్టిరోన్. ఒంట్లో అది కొంత ఈస్ట్రోజన్‌గా మారుతుంది. ముందు ఈ జబ్బు వచ్చినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా వచ్చినవాళ్లు డాక్టరును అడగకుండా అవి కొనుక్కోవద్దు. దేవుడి దగ్గరికి వచ్చే నెలైనా వెళ్లచ్చు.

ఇప్పుడు ఎలా ఉంది?

మా ఆడబిడ్డ బాగుంది. పాపకు ఆరేళ్లు దాటాయి. అయితే సాయంత్రం అయ్యేసరికి ఎడమ కాలు బరువెక్కుతుంది, చీలమండ దగ్గర చర్మం కొంచెం నల్లబడింది. ఈ జబ్బు వచ్చినవాళ్లలో 20 నుంచి 50 శాతం మందికి ఇలాంటి ఇబ్బంది ఎంతోకొంత మిగులుతుంది. బిగుతు మేజోళ్లు వేసుకుంటే కొంత హాయిగా ఉంటుందంటుంది. అవి జబ్బు మళ్లీ రాకుండా ఆపుతాయని మాత్రం అనుకోకూడదు.

రెండో కాన్పుకు వెళ్లచ్చా అని అడిగితే, వెళ్లచ్చు, కానీ నెల తప్పగానే రావాలి అన్నారు డాక్టరు. గర్భం ఉన్నంతకాలం వార్ఫారిన్ పనికిరాదు, బిడ్డకు హాని. దాని బదులు పొట్ట మీద ఇంజెక్షన్లు, కాన్పయ్యాక కూడా 6 వారాలు. ఇంకో బిడ్డ కావాలా వద్దా అన్నది వాళ్లిద్దరూ ఇంకా తేల్చుకోలేదు.

పోయిన వేసవిలో మా పక్కింటి అమ్మాయికి ఆపరేషన్ కాన్పు అయింది. చూడటానికి అత్తయ్యా నేనూ వెళ్లాం. వాళ్ల జేజి కుంపటి రాజేస్తోంది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య చెంబు నిండా నీళ్లు తెచ్చి బాలింత చేతికిచ్చి, "తాగు తల్లీ. తాగి లేచి ఆ వరండాలో నాలుగడుగులు వెయ్యి" అంది. తర్వాత ఆ పిల్ల పక్కన కూర్చుని దుప్పటి తొలగించి, రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూసింది.

గుర్తుంచుకోండి

* కాన్పయ్యాక డాక్టరు లేవమన్న రోజే లేచి మెల్లగా నడవాలి. దాహం వేసినన్ని నీళ్లు తాగాలి.
* ఆపరేషన్ కాన్పు అయితే, గడ్డకట్టకుండా ఇంజెక్షన్ అవసరమా అని డాక్టరును అడగండి.
* తొలి 6 వారాలు రోజూ రెండు కాళ్లూ పోల్చి చూడండి.
* ఒక్క కాలే వాస్తే నూనె రుద్దడం, కాపడం, గట్టిగా కట్టు కట్టడం వద్దు. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.
* ఆయాసం, ఛాతీనొప్పి వస్తే 108.
* వాపు తగ్గిందని మాత్ర మానవద్దు. ఆపమని చెప్పవలసింది డాక్టరే.
* మందుల చీటీ, పరీక్షల కాగితాలు ఒకే ఫైల్లో పెట్టి, అత్తవారింటికి వెళ్లేటప్పుడు దాన్ని కూడా పంపండి. అందులో ఏముందో అక్కడి పెద్దలకు నోటితో చెప్పి మరీ పంపండి.